మీ బావ వంతు

ఆళ్లగడ్డ,
1979 సెప్టెంబరు.

చెల్లెలు లూదియాకు అక్క దీవెనలు.

నా గుండెదడ తగ్గకపోతే నంద్యాలకు వచ్చేయమని రాశావు. తగ్గింది. ఇక్కడే ఉంటాను.

మీ బావ పోయాక సాయంత్రం ప్రార్థనలో పాట ఎత్తుకుంటే చాలు, ఊపిరి అందక దడ పుట్టేది. ఒకరోజు నా ఆయాసం విని పక్కింటి ఆండాళమ్మ వచ్చింది. అహోబిలం అర్చకుల ఇంటి ఆడబిడ్డ.

“ఏందమ్మా, పాడేటప్పుడు గాలి యాడ తీసుకుంటాండావు?” అంది.

ఆలోచిస్తే, ఎక్కడా తీసుకోవడం లేదు. పెళ్లయినప్పటి నుంచి పాటలో ఒక వరుస ఆయన, మరో వరుస నేను పాడేవాళ్లం కదా. ఆయన పాడుతుంటే నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇప్పుడు ఇద్దరి వంతూ నేనే ఆపకుండా పాడుతున్నాను. అదే ఆమెతో చెప్పాను.

“మీ ఆయప్ప వంతు వస్తే నోరు మూసుకో. నిదానంగా గాలి పీల్చు, నిదానంగా వదులు. మనసు దాని మీదనే పెట్టు” అంది ఆండాళమ్మ.

అలాగే చేస్తున్నాను. దడ తగ్గింది. నిద్ర కూడా పడుతోంది. అది వేరేవాళ్ల యోగమని సంఘపెద్ద సంజీవయ్యగారు కోప్పడ్డారు. “మన బైబిల్లో మంటిబొమ్మకు ఊపిరి ఊది మనిషిని చేసింది ఎవరు, అన్నా?” అన్నాను. లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచి వారానికోసారి జరిగే ప్రార్థనకు మా ఇంటికి సంఘంవాళ్లు ఎవరూ రావడం లేదు.

దసరా సెలవులకు నువ్వు రా. ఇద్దరం పాడుకుందాం. కానీ నేను మధ్యలో ఆగితే, మరిచిపోయాననుకొని నువ్వు అందుకోవద్దు. అది మీ బావ వంతు.

మీ అక్క