మీ ఖాళీ బెంచీ

మిల్లు దొరగారికి,

వర్జీనియాలో, ఈ షాంటిలీ ఊళ్లో మా అపార్ట్‌మెంట్ల వెనకాల మీ బట్టల మిల్లు గోడ ఒక్కటే మిగిలింది. పక్కన బోర్డు మీద మీ కథ రాశారు. బానిసత్వాన్ని వదులుకోలేక దక్షిణాది రాష్ట్రాలు అమెరికా నుంచి విడిపోతామంటే, మీరు సభలో లేచి వద్దన్నారట. ఆ తర్వాత చర్చిలో మీ బెంచీ మీద మీ పక్కన ఎవరూ కూర్చోలేదట. అయినా యుద్ధం వచ్చాక మీ మగ్గాలు నేసింది విడిపోయిన ఆ రాష్ట్రాల సైన్యం యూనిఫాం గుడ్డే.

ఈ బోర్డు చదివినప్పుడల్లా మా అమ్మాయితో, "అంత నిజాయితీ ఉంటే మిల్లుకి తాళం వేసెయ్యొచ్చుగా" అనేవాణ్ణి.

మొన్న గురువారం మీటింగ్‌లో మా మేనేజర్ నన్ను అడిగాడు, ప్రాజెక్ట్ లేటవడానికి ప్రభుదాస్ కారణమా అని. ప్రభుదాస్ నా టీమ్‌మేట్, మా తెలుగు చర్చివాడే. తప్పు అతనిది కాదని నాకు తెలుసు. నాదీ వీసా మీద బతుకే. మాట్లాడకుండా ల్యాప్‌టాప్ చూస్తూ కూర్చున్నాను. మర్నాడే అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆదివారం కావాలనే చర్చికి లేటుగా వెళ్లి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ప్రభుదాస్ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. పక్క సీటులో పెట్టిన తన బైబిల్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రా అన్నా, నీ కోసమే సీటు ఉంచాను" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను. పాట మొదలవగానే పాటల పుస్తకం సగం నావైపు జరిపాడు. దొరగారూ, లేచి వెళ్లి మీ ఖాళీ బెంచీ మీద కూర్చోవాలనిపించింది.