అరటినార రేకు

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని అలవాటుగా రాయబోయి కలం ఆపాను. చిరంజీవి కోడలికి అత్త దీవించి రాస్తున్నది. ఇక్కడ క్షేమమని రాస్తే అబద్ధం. అన్నం తింటున్నాను, అంతే.

నీ జాబు అందింది. మీ అక్కగారింట్లో కూర్చుని, మిగిలిన రేకులన్నీ తగలబెట్టమని నాకు పని పురమాయిస్తావా? తగలబెట్టను. అరటినార మాడ్చి బొగ్గు చేసి రేకు ఒత్తడానికి లోకంలో చోటే లేనట్టు నా వంటిల్లే దొరికింది నీకు. పక్క మిషన్ల కరెంటు అలజడి కంట్రోలు పెట్టెల్లోకి రాకుండా రాగిరేకు చేసే కాపలా, చెట్టునార చేస్తుందా అని నేను మూతి తిప్పాను. మోగుతున్న రేడియోకు నీ రేకు చుట్టి, పాటా గరగరా రెండూ ఆపి చూపించావు. ఆ రోజు నీకంటే మావాడే ఎక్కువ పొంగిపోయాడు.

అందుకే వర్క్‌షాపులో తను నడిపే క్రేను కంట్రోలు పెట్టెలో రాగి తీసేసి, నీ రేకు బిగించుకున్నాడు. పక్కన వెల్డింగు మొదలుపెట్టగానే క్రేను తనంతట తాను కదిలింది. దానికి వేలాడుతున్న ఇనుప పలక వాడి మీద పడింది. నా రేకే చంపిందని నువ్వు గుండెలు బాదుకుంటుంటే, నీ మొహం చూడాలంటే నాకు ఒళ్లు మండింది. ఉన్నమాట చెబుతున్నాను.

నిన్న ఆ పెట్టె విప్పి పరీక్షించిన ఇంజనీరు మనింటికి వచ్చాడు. రేకులో లోపమేమీ లేదట. మిగతా సంగతి కింద రాస్తాను, ఇప్పుడే రాయడానికి చెయ్యి రావడం లేదు. ముందు నువ్వు బయల్దేరి రా. ఇంట్లో తిట్టడానికి కూడా మనిషి లేక నోరు ఎండిపోతోంది.

ఇట్లు,
మీ అత్త

తా.క.: రేకు అంచు పెట్టె ఇనుముకు నేరుగా తగలాలి, మధ్యలో ఏదీ పూయొద్దని వాడికి నువ్వు చెబుతుంటే నేనూ విన్నాను. ఇంజనీరు చూసేసరికి అంచుల నిండా వార్నిష్ ఉందట. అది అడ్డుపడి, ఆ సందుల్లోంచే అలజడి లోపలికి దూరిందట. పూసింది మావాడే. వార్నిష్ ఇచ్చిన పెయింటరు నా ముందు కూలబడి చెప్పాడు. వర్క్‌షాపులో అందరూ నీ రేకును మసిగుడ్డ అని వెక్కిరించేవారట. "మా ఆవిడ పని చూసి ఎవడూ నవ్వకూడదు. మసి రాలకుండా నిగనిగలాడేలా చేస్తా" అన్నాడట.

కన్నకొడుకు మీద తప్పు మోపుతున్నాను. పోయినవాడికి బరువుండదు. నువ్వు మొయ్యకు తల్లీ.