ముందు నవ్వినోడు

ధూల్‌పేట్,
బోనాలైన తెల్లారి సోమవారం

టీచరమ్మ వాగ్దేవికి, వినాయకుల మొఖాలు దిద్దే దుర్గయ్య దండం పెట్టి రాసేది.

హుస్సేనీ ఆలం హాల్ల నువ్వు పెట్టిన మొఖాల ఆటకు పేరిచ్చిన. పిల్లలు, ముసలోళ్లు ఎవలన్న రావచ్చన్నవు, బాగుంది. ఇద్దరిద్దరు ఎదురెదురు కూసోని, ఒకలు పెట్టిన మొఖం ఇంకొకలు పెట్టాలె, నవ్వొద్దు అన్నవు. నువ్వు గది కొత్త ఆట అనుకుంటున్నవు. మేం పదేండ్లున్నప్పుడే ఆడినం. మా బాపు షెడ్డుల తలకాయలు పెట్టని విగ్రహాలు వరుసగ ఉంటుండె. వాటి ఎన్క నిలబడి, భుజాల నడుమ మన తలకాయ పెట్టి మొఖం పెట్టాలె. ముందు నవ్వినోడు ఓడినట్టు. నవ్వేదాంక ఒకలతోటి ఒకలు నోరిప్పొద్దు. నడుమ జాగ విడిచి పోయినా ఓడినట్టే. గడ్డం కింద పచ్చిమట్టి సల్లగ తగులుడు ఇంక యాదికుంది.

అసలు సంగతి. చిట్టీలు తీసి నాకు జోడి పురుషోత్తంను ఇచ్చినవు. మార్చు.

ఇట్లు
దుర్గయ్య

మల్ల రాసేది: ఫోన్ చెయ్యకు. ఫోన్ల అవతలోళ్ల మొఖం కనబడది. ఈ ఉత్తరం నీ హాలు సలహాల డబ్బల ఏస్తున్న.


హుస్సేనీ ఆలం,
బుధవారం

దుర్గయ్య తాతకు నమస్కారాలు.

మా సలహాల డబ్బాలో ఇంతవరకు ఫ్యాను తిరగట్లేదన్న చీటీలే పడ్డాయి. మొదటి ఉత్తరం మీదే. మీకు జోడీ మారిస్తే అందరూ మార్చమంటారు. ఎనభై ఏళ్ల సక్కుబాయమ్మకు ఆరేళ్ల పాప జోడీ, ఆమే ఏమీ అనలేదు. ఓడిపోతానని భయం పెట్టుకోకండి, ఇదంతా సరదాకే.

మీ
వాగ్దేవి

తా.క.: వచ్చే ముందు అద్దంలో చూసుకుంటూ కాస్త అలవాటు చేసుకోండి.


ధూల్‌పేట్,
శుక్రవారం

టీచరమ్మకు, భయం లేని దుర్గయ్య రాసేది.

అద్దం సంగతి నాకే చెప్పవడ్తివి. యాభై ఏండ్ల సంది అద్దంల మొఖం పెట్టి చూసుకున్నంకనే విగ్రహానికి కండ్లు దిద్దుతున్న.

పురుషోత్తం నా చిన్ననాటి దోస్తు, బాపు షెడ్డుల నాతోటి ఆడినోడే. పన్నెండేండ్ల కింద పెద్ద వినాయకుణ్ణి చేసిండు, తలకాయ గప్పటికి ఇంక పెట్టలే. నేను దాని ఎన్కకు పోయి, వాని మామ అలిగి కూసున్న మొఖం పెట్టిన. నవ్వుతడనుకున్న. నవ్వలే, మాట్లాడలే. గా దినం సంది నేను ఎదురైతే ఎండిన మట్టి లెక్క మొఖం పెడ్తడు. నాకేం తక్కువ, నేనూ పెడ్త. పోయిన వానకాలం నాకు జ్వరమొస్తే గడప మీద జొన్న గట్క గిన్నె పెట్టి, గదే మొఖంతోటి పోయిండు. గంత కోపం. కోపమున్నోడు గట్క ఎందుకు పెడ్తడని అడగకు. మా గల్లీల పెడ్తరు.

ఈ చవితి అయినంక షెడ్డు ఖాళీ చేసి ఉప్పల్ల బిడ్డ భాగ్యశ్రీ ఇంటికి పోతడంట. పోనీ. నాకేం ఫికర్.

దుర్గయ్య

మల్ల రాసేది: ఉప్పల్‌కు ఎట్ల పోవాలె? ఊకెనే అడుగుతున్న.


హుస్సేనీ ఆలం,
శనివారం, అర్జెంటు

తాతకు నమస్కారం.

మీ ఉత్తరం చదివి జోడీ మారుద్దామనే అనుకున్నాను. ఇంతలో పురుషోత్తం గారే హాలుకు వచ్చారు. “జోడి మార్చకు బిడ్డా. పన్నెండేండ్ల సంది కాసుకోని ఉన్న. రేపు వాని సంగతి తేలుస్త” అన్నారు, మీరు రాసిన ఆ మట్టి ముఖంతోనే. దయచేసి రేపు ఆటకు మీరు రావద్దు.

వాగ్దేవి

తా.క.: ఎలాగూ వస్తారని తెలుసు. చెక్క కుర్చీలు తీయించి ప్లాస్టిక్‌వి వేయించాను. ఉప్పల్‌కు మెట్రో నయం.


ధూల్‌పేట్,
మంగళవారం

టీచరమ్మకు దండాలు.

నువ్వు లొల్లి అయితదని వాచ్‌మన్ కోసం ఉరికినవు. తిరిగొచ్చి, కింద పడి దొర్లుతున్న మా ఇద్దరి మీద బకెట్ నీళ్లు గుమ్మరించినవు. అది కొట్లాట కాదు. సంగతి రాస్తున్న.

వాడు మట్టి మొఖం పెట్టిండు. నేను గదే పెట్టిన. తతిమ్మ జోడీలన్ని నవ్వి లేచి సమోసాలు తినవట్టిరి. దగ్గర నుంచి చూస్తే వాని కనుబొమ్మలు తెల్లగైనయ్. కుడి చెంప జారింది. పన్నెండేండ్లు ఎదురెదురు నడిచినం గని, వాని మొఖం నేను చూడనే లేదు. గప్పుడు వాడు పదేండ్ల పోరని లెక్క ముక్కుపుటాలు ఎగరేసిండు. నాకు నవ్వు ఆగలే.

“ఓడినవ్‌ర దుర్గా. పన్నెండేండ్లు పట్టింది గదర” అన్నడు.

ఏంది పన్నెండేండ్లు అని అడిగిన.

“విగ్రహం ఎన్క నిలబడి ఆట షురూ చేసింది నువ్వే గద. నవ్వేదాంక నోరెట్ల ఇప్పుత?”

వానికి కోపం లేదు బిడ్డా. ఆడుతుండె. గది తెలిసి ఇద్దరం నవ్వి నవ్వి కింద పడ్డం. మొఖాలు దిద్దేటోన్నని నేను మస్తు మురుస్తుంటి. ఆపుకున్న నవ్వును చూసి కోపమనుకున్న.

ఇట్లు
ఓడిన దుర్గయ్య

మల్ల రాసేది: నిన్న పొద్దుగాల వాని షెడ్డుకు పోయి, తలకాయ లేని విగ్రహం ఎన్క నిలబడి ఇంకో మొఖం పెట్టిన. వాడు నవ్వలే. నడుమ జాగ విడిచి పోతే ఓడినట్టే గద, ఉప్పల్ పోవుడు బంద్ చేసిండు. షరతు ఒక్కటే మార్చినం. ఈ తడవ నోరిప్పొచ్చు.