మూడవ నంబరు కంప్యూటరులో కుకీలు, వరండాలో కుర్చీలు

గ్రంథాలయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడవ నంబరు కంప్యూటరులో నా వెంటపడుతున్న కుకీలను తీసివేయించుట గురించి, మరియు కుర్చీల గురించి సంజాయిషీ.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు నేత మిల్లులో మరమగ్గం నడిపినవాడను. చదువు ఊరి బడిలో అయిదో తరగతి. తప్పులుంటే మన్నించవలెను. రోజూ ఉదయం పది గంటలకు సదరు కంప్యూటరు ముందు కూర్చుంటాను. పదకొండుకు నేను లేస్తే అదే కుర్చీలో మా ఆవిడ కూర్చుని స్వెట్టరు డిజైన్లు చూసుకుంటుంది. నా ఇబ్బందులు ఇవి.

1. మగ్గాల మోతకు నా చెవులు మందగించి ఆరేళ్ళయింది. ఈ సంగతి ఇంట్లో తెలియదు. మా ఆవిడ ఏం చెప్పినా "సరే" అంటాను. నా అంత మంచి మనిషి లేడని ఆమె తన అక్కచెల్లెళ్ళకు చెప్పుకుంటుంది. ఈ పేరు నిలుపుకోవాలని నా కోరిక.

2. పోయిన నెల, ఎవరూ చూడకుండా, సదరు కంప్యూటరులో చెవి మిషన్ల కోసం వెతికితిని. ఒక పలక అడ్డం వచ్చింది. "మేము కుకీలు వాడుతాము. అన్నీ అంగీకరించు" అని పెద్ద అక్షరాలు. తిరస్కరించడం అడుగున చీమ తలకాయంత ఉన్నదట, చూడలేదు. చూసినా ఆ మాట నాకు అలవాటు లేదు. అంగీకరించితిని.

3. అది మొదలు మా ఆవిడ స్వెట్టరు తెరిస్తే పక్కన చెవి మిషను ప్రకటన, పెద్ద చెవి బొమ్మతో. వార్తలు తెరిస్తే చెవి. "మీవారికి మీ మాట వినిపించడం లేదా?" అని ఆమెనే అడుగుతున్నది. ఆమె నా వైపు తిరిగి ఏదో అన్నది. పెదవులను బట్టి, "ఎవడో చెవిటి మాలోకం నాకంటే ముందు ఇక్కడ కూర్చుంటున్నాడండీ" అన్నట్టున్నది. సరే అన్నాను.

4. గుమాస్తా గారికి చెప్పుకొంటిని. "కుకీలు తీసేస్తే చాలు తాతగారూ, అన్నీ పోతాయి" అన్నారట. నాకు "కుర్చీలు తీసేస్తే చాలు" అని వినపడింది. ఎందుకని అడిగితే నా చెవి సంగతి బయటపడును. సరే అని, ఉన్న నాలుగు కుర్చీలూ మోసి వరండాలో పెట్టితిని. ఆ రోజు పత్రికలన్నీ జనం నిలబడి చదివారు. కుర్చీలు తరలించిన వ్యక్తి సంజాయిషీ ఇవ్వవలెనని తమరు అంటించిన నోటీసుకు ఇదే జవాబు. కుర్చీలు తిరిగి లోపల పెట్టడమైనది. చెవి మాత్రం తెర మీదనే ఉన్నది.

5. అప్పుడు గుమాస్తా గారు నవ్వి చీటీ మీద రాసి ఇచ్చారు. కుకీలంటే మనం ఏం వెతికామో యంత్రంలో దాచి ఉంచే గుర్తులట. బయటి కంపెనీల కుకీలను అసలు రానివ్వకుండా చేయవచ్చునట. ఒకరు మూసి లేవగానే పాతవి చెరిగిపోయేలా పెట్టవచ్చునట. కాని సెట్టింగుల పాస్‌వర్డు తమ ఒక్కరి వద్దనే ఉన్నదట.

కావున, నేను లేచిన తరువాత నా సంగతులు ఆ యంత్రం ఎవరికీ చెప్పకుండా సోమవారం లోపల కట్టడి చేయవలెను. పుట్టి బుద్ధెరిగి నేను ఎవరికీ కాదు అనలేదు. నా తరఫున తమరు ఒక్కసారి అనవలెనని ప్రార్థన.

ఇంతకు మించి చెప్పుకొను నోరు లేదు. తమరు చిత్తగించిన చాలును.

తమ విధేయుడు,
మూడవ నంబరు కంప్యూటరు,
పది గంటల మనిషి

తా.క.: తప్పులు చూసుకుందామని పై అర్జీ మనసులో చదువుకున్నాననుకున్నాను. బయటికే చదివాను కాబోలు. పక్కింటాయన గోడ మీదుగా చూస్తున్నాడు. మా ఆవిడ ఊలు ఉండతో వచ్చి ఎదుట నిలబడి ఏదో అన్నది. సరే అనబోయి ఆగాను. ఆరేళ్ళలో మొదటిసారి "ఏమన్నావ్?" అని అడిగాను.

నా చెవి దగ్గరికి వంగి మళ్ళీ చెప్పింది. "చెవి పోతే పోయింది. నోటికేమైందండీ? మన సంగతి నాకు ఆ పెట్టె చెప్పాలా?"

శనివారం మిషను కొనడానికి ఇద్దరం వెళుతున్నాము. అయినా కుకీలను తీసివేయవలసినదే.

ఇంకొక మనవి. ఆరేళ్ళుగా నేను సరే అన్నవన్నీ ఆమెకు జ్ఞాపకమేనట. ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే చెబుతున్నది. వాళ్ళ పెద్దక్కగారు వచ్చే నెల నుంచి మా ఇంట్లోనే ఉంటారట. ఇంట్లో "తిరస్కరించు" ఎక్కడ ఉంటుందో, వీలైతే గుమాస్తా గారిని మరొక చీటీ మీద రాసి ఇమ్మనవలెను.