మన వీధి లెక్క సున్నా

శారదకు,

నీ సంవత్సరీకం నాడు ఈ నివేదిక సమర్పిస్తున్నాను. ఈ ఉదయం రేపల్లెలో మన అబ్బాయి, ఎస్సీ కాలనీలో ఉండే వాడి క్లాస్‌మేట్ ప్రసాదు ఒకే గంజాయి పొట్లంతో పట్టుబడ్డారు. స్టేషన్‌లో ముందు కులమూ వీధీ రాసుకుని, తరువాత పేర్లు అడిగారు.

"మీవాణ్ణి తీసుకెళ్లండి మాస్టారూ, చదువుకునే పిల్లాడు," అన్నాడు ఎస్సై.

ఇద్దరిదీ ఒకే తరగతి అని మనవి చేశాను.

"ఆ కాలనీలో కుర్రాళ్లెక్కువండి, కేసులూ ఎక్కువే."

ఆ విధంగా మన వీధి కేసుల లెక్క సున్నా దగ్గరే నిలిచింది. నేను కృతజ్ఞతలు తెలిపి అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చేశాను. ప్రసాదును కేసు పెట్టి మధ్యాహ్నం బాపట్ల పంపిస్తారట.

నీ ఫొటోకు దండం పెట్టమంటే మనవాడు పెట్టలేదు.

"పొట్లం నాది నాన్నా. వాడు ఊరికే పక్కన కూర్చున్నాడు."

చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరం స్టేషన్‌కు తిరిగి వెళ్తున్నాం. ఈసారి కేసులో మన వీధి పేరు కూడా రాయించి వస్తాను.