టేపు అరిగిన చోట

బాబాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. యూనివర్సిటీ అసైన్‌మెంట్ పక్కన పడేసి, ఇండియన్ కొట్లో నీ సినిమా క్యాసెట్టు అద్దెకు తెచ్చాను. ఈ పరాయి దేశంలో, క్లేటన్‌లో మా అద్దె ఇంట్లో నాతో ఉండే నలుగురినీ కూర్చోబెట్టాను, నువ్వెవరో చెప్పకుండా. పేరు కూడా వెయ్యని నిమిషం వేషమని మనవాళ్లంతా నిన్ను వెక్కిరించేవాళ్లు కదా. నువ్వెవరో తెలియనివాళ్లు నవ్వుతారో లేదో చూడాలనిపించింది.

పెళ్లిపందిట్లో కొట్లాట మొదలైంది. కుర్చీలు గాల్లో ఎగురుతున్నాయి. నువ్వు విస్తరి రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "పులుసు ఇటు రాలేదు!" అన్నావు. సరిగ్గా అప్పుడే తెరనిండా తెల్లగీతలు. నా ప్రాణం ఉసూరుమంది.

"క్యాసెట్ పాడైపోయింది," అన్నాను.

వరంగల్ నుంచి వచ్చిన రూమ్మేట్ సుజాత కడుపు పట్టుకుని నవ్వుతోంది. "పాడు కాలేదే, అరిగింది! తీస్కపోయినోళ్లంతా గీడనే ఎనక్కి తిప్పి తిప్పి చూసిన్రు. రిమోట్ ఇటియ్యి, మనం గూడ చూద్దాం."

నాలుగుసార్లు చూశాం. నాలుగోసారి పులుసు అందరం కలిసి అడిగాం. అప్పుడు చెప్పాను, "మా బాబాయ్" అని.

తర్వాత సినిమా చివరిదాకా కళ్లార్పకుండా చూశాను. హీరో పాటల దగ్గర ఒక్క గీత కూడా లేదు బాబాయ్.