బిళ్ళా, పేడనీళ్ళూ

మార్చి 26
విశాఖ నుంచి ఇంటికొచ్చాను. గుండెలో స్టెంట్, కుడి గజ్జల్లో ప్లగ్. గొట్టం దూర్చిన రక్తనాళానికి బిరడాలాంటిది పెట్టారట, దానంతటదే కరిగిపోతుందట. బరువులెత్తొద్దన్నాడు డాక్టర్. మా ఆవిడ సోములమ్మ నీళ్ళచెంబు కూడా ముట్టనివ్వడం లేదు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు, ఇంత మర్యాద ఎప్పుడూ చూడలేదు.

మార్చి 31
మా మన్యం ఊళ్ళలో చేసే ఇటుకల పండగ వేట ఏప్రిల్ 20న. జంతువుల్ని కొట్టడం ఎప్పుడో మానేశాం. అయినా మగాళ్ళందరం కొండెక్కి దిగాలి. ఉత్త చేతులతో దిగినవాళ్ళ నెత్తిన పేడనీళ్ళు పొయ్యడం ఆనవాయితీ, అలాగే వస్తామని తెలిసే ఆడవాళ్ళు కాచుకుని ఉంటారు. రోగిష్టివాళ్ళనీ ముసలివాళ్ళనీ మాత్రం వదిలేస్తారు. వాళ్ళు అరుగు మీద పొడిబట్టలతో కూర్చుంటారు. నాకింకా యాభై నాలుగే. వెళ్ళి తీరాలి.

ఏప్రిల్ 2
గజ్జల్లో నిమ్మకాయంత వాపు. ఎవరికీ చెప్పలేదు. మొన్న సోములమ్మ కన్నుగప్పి కాఫీతోటకెళ్తే కాలికి ముల్లు దిగింది. దానికే బిళ్ళ కట్టి ఉంటుంది. చెబితే వేట గోవిందా. పైగా ఊళ్ళో నర్సు మా కోడలు భానుశ్రీ. మామగారు కోడలికి చూపించే చోటా అది!

ఏప్రిల్ 3, ఉదయం 5
బిళ్ళ కొట్టుకుంటోంది. గుండెతో పాటే. బిళ్ళలు కొట్టుకోవు. భయమేసింది.

అదే రోజు, సాయంత్రం
కుంటుతుంటే కోడలు పట్టేసింది. ఏటి మావయ్యా దాస్తన్నావు అని నిలదీసింది. పంచె మీద గజ్జ వైపు వేలు చూపించాను. తను గోడవైపు తిరిగి, అత్తా నువ్వు సెయ్యేసి సెప్పు అంది. సోములమ్మ పంచె మీంచే చెయ్యి పెట్టి, కోడిపిల్లని పట్టుకున్నట్టుందే, దడదడ కొట్టుకుంటంది అంది. అంతే. భానుశ్రీ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. తిన్నగా పడుకో మావయ్యా, కాలు మడిసావంటే ఊరుకోను అని కసిరింది, ఇంకా గోడవైపే చూస్తూ.

ఏప్రిల్ 4
మళ్ళీ విశాఖ ఆస్పత్రి. ప్లగ్ సరిగ్గా అంటుకోలేదట. కన్నంలోంచి రక్తం కారి బయట సంచి కట్టిందట. పగిలుంటే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టర్, నవ్వకుండా. స్కానింగ్‌లో చూస్తూ సంచిలోకి రక్తం గడ్డకట్టించే ఇంజెక్షన్ ఇచ్చాడు. స్క్రీన్ మీద సుడి తిరుగుతున్న రక్తం నా కళ్ళముందే ఆగిపోయింది. చెయ్యి పెట్టి చూసుకున్నాను. కింద కొట్టుకోవడం లేదు. పైన గుండె మాత్రం కొట్టుకుంటోంది. ఎంత హాయిగా ఉందో!
ఈ ఏడాది కొండ వద్దన్నాడు.

ఏప్రిల్ 20
అరుగు మీద నేనూ, ఎనభై ఏళ్ళ సుక్రు తాతా. పొడిబట్టలు. కొండ దిగిన మగాళ్ళంతా పేడలో తడిసి కేకలేస్తుంటే ఏడుపొచ్చింది. అప్పుడొచ్చింది సోములమ్మ, బిందెతో. చెంబు ముట్టనివ్వని మనిషి! రోగం తగ్గినోడికి అరుగు మీద ఏటి పని అంటూ నా నెత్తిన గుమ్మరించింది. కోడలు మళ్ళీ గోడవైపు తిరిగింది, ఈసారి నవ్వాపుకోలేక. నాకూ పొయ్యండే అని సుక్రు తాత ఒకటే గోల.

ఏప్రిల్ 21
పేడ మరకల చొక్కా సోములమ్మని ఉతకనివ్వలేదు నేను.